నవలకు వచనాలు వేసిన సిస్టరక్క

సిస్టరక్క పోయిందన్న కబురు మా ప్యాకింగ్ హాల్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేనప్పుడు పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాను. మెసేజ్ కింద చేతులు జోడించిన బొమ్మలు, పువ్వులు, కొవ్వొత్తులు. కొత్తగా చేరిన పిల్లాడెవడో తొందరలో నవ్వే బొమ్మ పెట్టి, నాలుక కరుచుకుని వెంటనే తీసేశాడు. నేనూ ఏదో ఒకటి రాయాలి కదా అని "చాలా మంచి మనిషి" అని కొట్టాను. కొట్టి, చెరిపేశాను. ఆ మాట ఆమె ముందు అని ఉంటే ఊరుకునేదా? "మంచిదంటే ఏంది పిల్లా? ఏం చేసింది? ఎప్పుడు చేసింది? ఎక్కడున్నదో చూపియ్" అని వెంటపడేది. చూపించేదాకా వదిలేది కాదు. అందుకే గ్రూపులో ఏమీ రాయకుండా ఫోను సంచిలో పడేశాను. ఆమె గురించి చెప్పాలంటే నాకు ఇంకొంచెం జాగా కావాలి.

చర్చి వాళ్లు ఆమెను సిస్టర్ అనేవాళ్లు. మాత్రలు ప్యాక్ చేసే మా హాల్లో ఆడవాళ్లం అక్క అనేవాళ్లం. పోను పోను రెండూ అతుక్కుపోయి సిస్టరక్క అయింది. ఆమె పర్మినెంటు ఉద్యోగి, లైన్ చెకింగ్ ఇన్‌చార్జి. మేమేమో కాంట్రాక్టు వాళ్లం. ఆమె సంతకం పెట్టనిదే ఒక్క డబ్బా కూడా హాలు దాటేది కాదు. పొట్టి మనిషి. చేతి గడియారాన్ని మణికట్టు లోపలివైపు తిప్పి కట్టుకునేది, టైము చూసుకుంటే ఎవరినో దీవిస్తున్నట్టు ఉండేది. వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా గొడుగు. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయి. టోపీ, మాస్కు పెట్టుకుని వరసగా కూర్చున్న మాలో ఎవరు నవ్వుతున్నారో సూపర్‌వైజరుకు తెలిసేది కాదు గానీ, ఆమె నవ్వితే మాత్రం ఇట్టే దొరికిపోయేది.

"ఎక్కడున్నది?" అనేది ఆమె ఊతపదం. అది ఆమెకు రెండు చోట్ల నుంచి అబ్బింది. కంపెనీలో ప్రతి పనీ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో బ్యాచ్ రికార్డులో రాయాలి. రాయకపోతే ఆ పని చేయనట్టే లెక్క. ఇక చర్చిలో ఆమె సండే స్కూల్ టీచరు. అక్కడ ఏ మాట చెప్పినా అది బైబిల్లో ఏ అధ్యాయమో, ఎన్నో వచనమో చూపించాలి. చివరికి వాళ్ల పాస్టరు అయ్యగారిని కూడా వదల్లేదట. ఒక ఆదివారం ప్రసంగంలో ఆయన ఏదో మంచిమాట చెప్పి "అని బైబిల్లో రాయబడి ఉంది" అన్నాడు. ఈమె కిక్కురుమనకుండా కూర్చుని, ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పట్టుకుంది. "అయ్యగారూ, జెర ఎక్కడున్నదో చెప్తరా, పిల్లలకు నేర్పుతా" అంది. ఆయన వారమంతా వెతికి, మరుసటి ఆదివారం పీఠం మీదనుంచే, అది బైబిల్లో లేదమ్మా, మా నాయనమ్మ చెప్పేది అని ఒప్పుకున్నాడట. ఆమె ఈ కథ చెప్పి, ఆయన గొప్పోడు పిల్లా, లేదని చెప్పిండు అనేది. ఆయన్ని ఇబ్బంది పెట్టానన్న సంగతి ఆమెకు తట్టనేలేదు.

నేను ఆమె చేతికి చిక్కింది మాత్రం పరీక్ష వల్ల.

ఒక ఏడాది కంపెనీ వాళ్లు కాంట్రాక్టు ఆడవాళ్లలో కొంతమందిని పర్మినెంటు చేస్తామన్నారు. పదో తరగతి సర్టిఫికెట్టు ఉండాలన్నారు. నాకు లేదు. నేను టెన్త్ తప్పాను. లెక్కల్లో తప్పినవాళ్లున్నారు, ఇంగ్లీషులో తప్పినవాళ్లు కోకొల్లలు. నేను తప్పింది తెలుగులో! ఎవరికి చెప్పుకోను? మా ఆయనకు కూడా పెళ్లయిన చాలా రోజుల దాకా లెక్కల్లో తప్పాననే చెప్పాను. బళ్లో ఉన్నప్పుడు నవల మీద వచ్చే జవాబులు గైడులోంచి బట్టీ పట్టాను. పరీక్షలో ప్రశ్నను కొంచెం తిప్పి అడిగారు. అంతే, నా బుర్రలో ఉన్న జవాబు ఆ ప్రశ్నకు అతకలేదు. కూర్చుని గోళ్లు కొరుక్కుని వచ్చేశాను.

అందుకని మా హాల్లో ఆరుగురం ఓపెన్ టెన్త్‌కు ఫీజు కట్టాం. ఈసారి కూడా తెలుగు పేపర్లో ఉపవాచకంగా ఒక నవల ఉంది. ఈసారీ తప్పితే ఇంకో అవకాశం లేదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మమ్మల్ని గేటు బయట నిలబెట్టి, ఎవరు లోపలికి, ఎవరు ఇంటికి అని ఏరేవాళ్లు. ఆ నిలబడటం నాకు చావుతో సమానం. ఇద్దరు పిల్లలు, ముత్తంగిలో కిరాయి ఇల్లు, మా ఆయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. పర్మినెంటు అయితే ఇక ఆ గేటు ముందు నిలబడక్కర్లేదు. నాకు కావలసిందల్లా అదొక్కటే.

క్యాంటీన్లో మేము గైడు తెరిచి బట్టీ పడుతుంటే సిస్టరక్క పళ్లెం పట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఏందిది?"

"ఉపవాచకం అక్కా. నవల" అన్నాను.

అట్టను తిప్పి చూసింది. "నవల ఏది?"

"నవల కాదక్కా, నవల మీద గైడు."

"నవల సదవకుంట నవల పరీక్ష రాస్తరా?"

మాలో అందరికంటే గట్టి నోరు యాదమ్మది. పోతిరెడ్డిపల్లిలో వాళ్లకు పొలం ఉండేది, ఇప్పుడు అందులో సగం ప్లాట్లు. "సినిమా సూడకుంట కథ చెప్తలేమా అక్కా? గిదీ గంతే" అంది.

సిస్టరక్క భుజాలు ఎగిరాయి. నవ్వుతోందనుకున్నాం. నవ్వుతూనే గైడు మూసేసి, తన టిఫిన్ డబ్బా కింద పెట్టేసింది. "ఆదివారం రండ్రి. పుస్తకం తెచ్చుకోండ్రి. గైడు తెచ్చినోళ్లు వాపస్ పోవాలె" అంది.

చర్చి వెనక గదిలో మధ్యాహ్నం ఆరాధన అయ్యాక మా చదువు. యాదమ్మ వాళ్ల అత్తకు అనుమానం వచ్చింది, కోడలిని మతంలో కలిపేస్తారేమోనని. సిస్టరక్క చాలా తేలిగ్గా, "ఆమెను గూడ తోల్కరా" అంది. ఆ ముసలమ్మ వచ్చి గోడకు ఆనుకుని, మూతి ముడుచుకుని కూర్చుంది. అక్షరం రాదు. మేము వంతులవారీగా పైకి చదువుతుంటే వింటూ కూర్చుంది. మూడో ఆదివారానికి యాదమ్మకు ఒంట్లో బాగాలేక రాకపోతే, అత్త ఒక్కతే ఆటో కట్టించుకుని వచ్చింది. "కథల గామె మరిది ఏం చేసిండో తెల్వకుంట నాకు అన్నం సయిస్తలేదు" అంది.

ఆ నవల పేరు రాయను. రాసినవారికి మా చదువు సంగతి తెలిస్తే ఏమనుకుంటారో! కథ మాత్రం చెబుతాను. గానుగ ఆడించే ఇంటికి కోడలిగా వచ్చిన ఒకామె, చిన్నతనంలోనే భర్త పోతే, ముగ్గురు మరుదులను తన చేతుల మీద పెంచుతుంది. గానుగ నడిపి వాళ్లకు పెళ్లిళ్లు చేస్తుంది. వాళ్లు పెద్దవాళ్లయ్యాక ఇల్లు పంచుకుంటారు. ఆఖరున ఆమె ఒక్క సంచి పట్టుకుని ఆ ఇంట్లోంచి వెళ్లిపోతుంది. ఇంతే కథ. గైడు ఆమెకు ఒకే ఒక్క మాట తగిలించింది. కుటుంబం కలిసి ఉండాలని సర్వస్వం వదులుకున్న త్యాగమూర్తి అని. ఆ మాట కింద గీత కూడా గీసి పెట్టింది. గీత గీసిందంటే పరీక్షలో వస్తుందనే.

సిస్టరక్క మాతో మొదట చేయించిన పని చదవడం కాదు. పెన్సిళ్లు పంచింది. ప్రతి అధ్యాయంలో పేరాపేరాకూ పక్కన ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయించింది. అచ్చం వాళ్ల బైబిల్లో వచనాల్లాగే. చర్చి పెద్ద ఒకాయన అటుగా వచ్చి చూసి ముఖం చిట్లించాడు.

"ఏందమ్మా ఇది? కట్టుకథకు వచనాలు ఏస్తున్నవా? దేవుని వాక్యం అనుకున్నవా?"

"నంబర్లు దేవుడు ఏసినయి కాదు పెద్దయ్యా" అంది ఆమె, పెన్సిలు ముక్కు చెక్కుతూనే. "మనుషులు ఏసిర్రు, వెతుక్కునేటందుకు. వీళ్లకూ వెతుక్కునే పనుంది." ఆయన ఫ్యాను కొంచెం ఎక్కువ పెట్టించి వెళ్లాడు.

ఇక పోటీ! సండే స్కూల్ పిల్లలతో ఆడించే ఆటే మాతో ఆడించింది. అందరం పుస్తకం మూసి తలమీదికి ఎత్తిపట్టుకోవాలి. ఆమె ఒక సంగతి చెబుతుంది. "మరిది మొదటిసారి అబద్ధం చెప్పింది ఎక్కడ?" అంటుంది. వెంటనే తీయకూడదు. "తియ్యిండ్రి!" అన్నాకే తీయాలి. ముందుగా దొరికినవాళ్లు లేచి నిలబడి "నాలుగో అధ్యాయం, తొమ్మిదో వచనం" అని అరిచి చదవాలి. దొంగతనంగా వేలు పెట్టి ఉంచామా, పుస్తకం లాక్కునేది. పిల్లల తల్లులం, నడుం నొప్పుల వాళ్లం, చేతులెత్తి పుస్తకాలు పట్టుకుని ఎగబడి వెతికేవాళ్లం. ఒకసారి ఆ తోపులాటలో నా గాజులు పగిలాయి. గెలిచినవాళ్లకు నిమ్మ పిప్పరమెంటు ఇచ్చేది. దానికోసం మేము కొట్టుకున్నంత పని చేసేవాళ్లం. నేను తెలుగులో తప్పిన సంగతి ఆమెకు ఒక రోజు ఏడుస్తూ చెప్పాను. "నువ్వు తప్పింది తెలుగుల కాదు పిల్లా, గైడుల" అంది. అంత తేలిగ్గా నా పరువు నాకు తిరిగి ఇచ్చేసింది.

త్యాగమూర్తి మాట దగ్గర పెద్ద గొడవ అయింది. యాదమ్మ బట్టీ పట్టిన జవాబు గడగడ అప్పజెప్పగానే సిస్టరక్క "ఎక్కడున్నది?" అంది. అందరం వెతికాం. నవల మొత్తంలో ఆ మాట ఎక్కడా లేదు. "మాట లేకుంటే లేకపాయె. పని చూపియ్యిండ్రి. ఆమె వదులుకున్నది ఎక్కడ?" అంది.

ఆ వారమంతా కంపెనీ బస్సులో అదే పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పక్కన సీట్లో బిహారు పిల్ల "దీదీ, పరీక్షా హై క్యా?" అని అడిగినా తల ఎత్తలేదు. మరుసటి ఆదివారం లేచి చెప్పాను. ఆమె ఏమీ వదులుకోలేదు. ఇల్లు పంచేటప్పుడు గానుగ నాకివ్వండి అని అడిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగింది. పెద్ద మరిదిని, రెండోవాణ్ని, ఆఖరుకు ఊరి పెద్దల ముందర. ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోయింది. అడిగి దొరకనిదాన్ని వదులుకోవడం అంటారా? అధ్యాయం, వచనం చదివి వినిపించాను. గది రెండుగా చీలిపోయింది. యాదమ్మ ఒప్పుకోలేదు, ఆమె అడిగింది నిజమేగానీ కోర్టుకు పోలేదు కదా, అదే త్యాగం అంది. యాదమ్మ అత్త మాత్రం "లంజకొడుకులు, ఎద్దునన్న ఇయ్యకపోయిరి" అని చర్చి గదిలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి తిట్టింది.

సిస్టరక్క ఏ పక్షమూ చెప్పలేదు. ఎంత అడిగినా చెప్పలేదు. "నేను చెప్పిన్ననుకో, ఆరుగురూ అదే రాస్తరు. ఎవరి నోరు వాళ్లదే" అంది. ఆ రోజు మామూలు కంటే ముందుగానే గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

పరీక్ష సంగారెడ్డిలో. మా చుట్టూ కొందరు చీటీలు మడిచి తెచ్చుకున్నారు. మా ఆరుగురికీ చీటీల అవసరం లేదు. పేపరు చూడగానే నాకు నవ్వాగలేదు. ఆ ప్రశ్నే! గానుగామె పాత్ర స్వభావం వివరించండి. రాశాను. నా జీవితంలో అంత ధైర్యంగా ఏదీ రాయలేదు. ఆమె త్యాగమూర్తి కాదు అని మొదలుపెట్టాను. అడిగిన మూడు చోట్లూ రాశాను, ప్రతిదాని పక్కన అధ్యాయం, వచనం వేశాను.

బయట చెట్టు కింద సిస్టరక్క సెలవు పెట్టుకుని వచ్చి గొడుగు వేసుకుని నిలబడి ఉంది. అందరం మీద పడి చెప్పుకున్నాం. "అన్ని ఎక్కడెక్కడున్నయో నంబర్లతో సహా రాసినం అక్కా!" అంది యాదమ్మ.

సిస్టరక్క మొహం తెల్లబోయింది. "నంబర్లు రాసిర్రా? వచనాలు?"

"మరి? నువ్వే కదా చూపియ్యాలంటివి?"

"అయ్యో దేవా. అవి మనం పెన్సిలుతోని ఏసుకున్నయి కదే! ఆ నంబర్లు లోకంల ఇంకెవరి పుస్తకంలనూ లేవు!"

అప్పుడు గానీ మాకు బుర్ర వెలగలేదు. అన్ని వారాల్లో ఆ నంబర్లు పుస్తకంతో పాటే పుట్టాయన్నంతగా అలవాటైపోయాయి మాకు. ఆమెకు మాత్రం ఇంకా దూరం కనపడింది. ఆరు పేపర్లలో ఒకే రకం అర్థంకాని అంకెలు. దిద్దేవాళ్లు చూస్తే ఏమనుకుంటారు? పేపరు ఎవరిదో తెలియడానికి పెట్టుకున్న గుర్తులనుకుంటారు. గుర్తు పెడితే మాల్‌ప్రాక్టీసు. ఆమె అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. "నా చేతులతోనే ముంచిన మిమ్మల్ని" అంది. మేము ఎంత సముదాయించినా లేవలేదు.

ఆమె భయపడ్డట్టే అయింది. ఫలితాల్లో మా ఆరుగురి హాల్ టికెట్ నంబర్ల పక్కనా ఆపి ఉంచినట్టు వచ్చింది. ఇక్కడ కంపెనీలో నెలాఖరుకు సర్టిఫికెట్లు ఇవ్వాలి. సంగారెడ్డి పరీక్షల ఆఫీసు నుంచి విచారణకు రమ్మని పిలుపు వచ్చింది. సిస్టరక్కను ఎవరూ పిలవలేదు. అయినా మాకంటే ముందే వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో నవల పెట్టుకుని.

లోపల పెద్ద వయసు అధికారి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుని ఉన్నాడు. ముందర మా ఆరు పేపర్లు. ఆయన నోరు తెరవకముందే సిస్టరక్క ముందుకొచ్చింది.

"సార్, తప్పు నాది. వీళ్లది కాదు."

"మీరెవరమ్మా?"

"వీళ్లకు చదువు చెప్పిన దాన్ని. నంబర్లు నేను ఏయించిన. శిక్ష ఏదన్నా ఉంటే నా పేరు రాయండి" అంటూ పెన్సిలు నంబర్లున్న పుస్తకం బల్ల మీద పెట్టింది. మొత్తం చెప్పింది, పిప్పరమెంటుతో సహా.

ఆయన పుస్తకం తిరగేశాడు. నమ్మకం కుదరలేదు. యాదమ్మ వైపు చూసి, "ఏడో అధ్యాయం, పన్నెండు. ఏముందక్కడ?" అన్నాడు.

"చిన్న మరిది పెండ్లాం నూనె దొంగతనంగా అమ్ముకుంటది సార్. దొరికినంక పిల్లి తాగిందంటది" అంది యాదమ్మ. అంత భయంలోనూ దాని గొంతు తగ్గలేదు. "పిల్లి నూనె తాగుతదా సార్? మీరే చెప్పుండ్రి."

ఆయన పెదవి కొంచెం కదిలింది. ఇంకో నలుగురిని అడిగాడు. అందరూ చెప్పారు. ఆ తర్వాత ఆరు పేపర్లనూ పక్కపక్కన పరుచుకుని, ఆ పాత్ర స్వభావం జవాబు దగ్గర చాలాసేపు చదివాడు. నా పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఎవరిది? గైడులన్నిటిలో త్యాగమూర్తి అని ఉంటే, కాదని రాశావు. ఎందుకు?"

నేను సిస్టరక్క వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. కావాలనే కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఇక దిక్కులేక నేనే చెప్పాను. మూడు చోట్లు చెప్పాను. "సార్, ఆమె అడిగింది. అడిగినామెను పట్టుకుని వదులుకున్నదంటే, ఇయ్యనోళ్ల తప్పు కనపడకుంట పోతది" అన్నాను. అంతమాట నా నోట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఆయన సిస్టరక్క వైపు తిరిగాడు. "ఈ జవాబు మీరు చెప్పించిందేనా?"

"కాదు సార్." ఆమె కిటికీ వదిలి ఇటు తిరిగింది. "నాకు ఇప్పటికి గూడ ఆమె త్యాగమూర్తే అనిపిస్తది. కానీ ఈ పిల్ల చూపిచ్చిన వచనాలకు నా దగ్గర జవాబు లేదు. లేనప్పుడు లేదనే చెప్పాలె కదా సార్."

నెలల తరబడి అడిగినా చెప్పని మాట, ఎవరో పరాయి మనిషి ముందు, నా పేపరు నిలబెట్టడానికి, తన ఓటమితో సహా చెప్పేసింది.

ఆయన కళ్లద్దాలు దించుకున్నాడు. "అంకెలు ఒకటే. జవాబులు మాత్రం ఆరు రకాలు. కాపీ కొట్టినవాళ్లు ఇట్లా కొట్లాడుకోరు" అన్నాడు. వారంలో ఫలితం వస్తుందని, ఇంకెప్పుడూ పేపరు మీద ఈ నంబర్లు వేయవద్దని చెప్పి పంపించాడు. మేము బయటికి వచ్చి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. యాదమ్మ ఆ ఆఫీసు వైపు తిరిగి వంద దండాలు పెట్టింది.

తిరుగు బస్సులో నేనూ సిస్టరక్కా పక్కపక్కన కూర్చున్నాం. పోతిరెడ్డిపల్లి దాటాక ఆమె ముందు సీటు కడ్డీ పట్టుకుని, ముందుకే చూస్తూ అంది.

"ఆమె త్యాగమూర్తి కాకుంటే, నేనేమైత పిల్లా?"

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆమె తమ్ముడూ మరదలూ ఒకే ఏడాదిలో పోతే, ఆ పిల్లలను ఆమే సాకింది. పెళ్లి మాట ఎత్తలేదు. ఇల్లు ఆమె జీతంతోనే లేచింది. పిల్లలు పెద్దవాళ్లయి, పెళ్లిళ్లయి, ఒక్కో గదిలో ఒక్కొక్కరు సర్దుకున్నారు. ఈమె మంచం హాల్లో పడింది, టీవీ ఎదురుగా. ఇదంతా మాకు తెలిసిందే, ఎప్పుడూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆమె కూడా.

"నువ్వు వాళ్లను ఎప్పుడన్నా ఏమన్నా అడిగినవా అక్కా?" అన్నాను.

"ఏమడుగుత?"

"ఏం కావాల్నో."

"ఒక రూం" అంది. "తలుపున్నది. టీవీ బంద్ చేసేదాకా ఆగకుంట నాకు నిద్రొచ్చినప్పుడు పండుకునేటందుకు." చెప్పి, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, ఆమె మీదనే కావచ్చు. "గానుగామె మూడుసార్లు అడిగింది. నువ్వు ఒక్కసారి గూడ అడగకుంట ఇయ్యరని ఎట్లనుకుంటవ్?" అన్నాను. "నోరు మూస్కో" అంది.

చెప్పిన వారానికే ఫలితం వచ్చింది. ఆరుగురం పాసయ్యాం. తెలుగులో అందరికంటే నాకే ఎక్కువ వచ్చాయి! క్యాంటీన్లో ఫోను పట్టుకుని అరిచిన అరుపుకు వంటవాళ్లు బయటికి వచ్చి చూశారు. ఇక గేటు ముందు నిలబడేది లేదు. మిఠాయి డబ్బా తీసుకుని సిస్టరక్క కోసం వెతికాను. చేతులు కడిగే చోట ఒక్కతే నిలబడి ఉంది. పాసయ్యానని చెప్పాను. నా తల మీద చెయ్యి పెట్టింది గానీ, మిఠాయి తీసుకోలేదు.

"నేను అడిగిన పిల్లా" అంది.

"ఏందక్కా?"

"నిన్న ఇంట్ల పెద్దోన్ని అడిగిన. ఒక రూం కావాలెరా నాకు అని."

"ఏమన్నడు?"

"గింతేనా అత్తా, అన్నడు. ఇన్ని రోజులు నీకు హాల్లనే మంచిగుందనుకున్న, అన్నడు. చీకటి పడకముందే వాని సామానంత బయటికి తీసి, నా మంచం అండ్ల ఏసిండు."

నేను ఎగిరి గంతేయబోయాను. ఆమె మొహం చూసి ఆగిపోయాను. అన్నేళ్లలో ఆమె ఏడవగా నేను చూసింది లేదు. కుళాయి తిప్పి నీళ్లు వదిలేసింది, ఏడుపు చప్పుడు బయటికి వినిపించకుండా. నా భుజం గట్టిగా పట్టుకుని, "అడగంగనే ఇచ్చిండు పిల్లా" అంది. "అడగంగనే ఇచ్చిండు."